సుందరరావు మాస్టారి ‘బాగుందండీ’

నన్ను తిట్టేవాళ్ళ మీద నాకు కోపం రాదు. “బుద్ధుండే చేశావా ఈ పని?” అని ఊరూ పేరూ తెలియని మనిషి రాస్తాడు. “నువ్వు ముట్టుకోకముందే నయం” అని ఇంకొకడు రాస్తాడు. రాయనీ. ఆ తిట్టులో ఏది పాడైందో, ఎక్కడ పాడైందో ఉంటుంది. దాన్ని పట్టుకుని బాగుచేసుకుంటాను. నా ప్రాణం తోడేసింది తిట్లు కాదు. రాజోలు సుందరరావు మాస్టారి ‘బాగుందండీ’.

మాది కొత్తపేట. అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. అది జీతమొచ్చే పని. జీతం రాని పని ఇంకొకటుంది. ఎవరూ కొనక్కర్లేకుండా అందరూ వాడుకోగల ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌లో వేల ప్రోగ్రాములు ప్యాకేజీలుగా ఉంటాయి. ఒక్కో ప్యాకేజీకి ఎవరో ఒకరు పూచీ పడాలి. అసలు ప్రోగ్రామ్ రాసినవాడు ఎక్కడో కూర్చుని కొత్త వెర్షన్ వదులుతాడు. దాన్ని తెచ్చి, మన సిస్టమ్‌లో ఇమిడేలా సర్ది, పరీక్షించి, అప్‌లోడ్ చేసి, ఆ తరవాత వచ్చే చీవాట్లు తినడం పూచీ పడ్డవాళ్ళ పని. నా వంతుకి వచ్చింది తెలుగు గొంతు. అంటే తెర మీదున్న తెలుగుని పైకి చదివి వినిపించే ప్యాకేజీ. చూపు లేనివాళ్ళకి కంప్యూటరంటే ఆ గొంతే. అది మూగబోయిందంటే వాళ్ళకి ఎదురుగా ఉన్నది ఉత్త డబ్బా.

ఈ సంగతి మా వాళ్ళకి చెప్పి చెప్పి నోరు పడిపోయింది. “కంప్యూటర్ పనే కదే, నా ఫోన్లో వాట్సాప్ రావట్లేదు చూడు” అంటుంది మా పెద్దమ్మ. ఆ అసలు ప్రోగ్రామ్ రాసినాయన ఇంకో రకం. తెలుగులో ఫలానాది పాడైందని రాస్తే, “నా దగ్గర బాగానే పనిచేస్తోంది” అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటాడు. తెలుగు ముక్క రాని మనిషి దగ్గర తెలుగు బాగా పనిచేయక ఏం చేస్తుంది, నా మొహం!

ఇలా నా తిప్పలు నేను పడుతుంటే ఒక శనివారం పొద్దున్న గేటు దగ్గర గొంతు వినిపించింది.

“కడలి తులసి గారిల్లు ఇదేనాండీ?”

తెల్లటి ఫుల్ చేతుల చొక్కా, నల్ల కళ్ళద్దాలు, పొడుగాటి మనిషి. పక్కనున్నావిడ భుజం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు. ఆవిడ చేతిలో రొయ్యల పచ్చడి సీసా. ఆయన సుందరరావు మాస్టారు, రాజోలు దగ్గర హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. ఆవిడ ఆయన భార్య పాపాయమ్మ గారు.

“మీ పేరు మా కంప్యూటరే చెప్పిందండీ,” అన్నారు మాస్టారు. గొంతు ప్యాకేజీ వివరాల్లో పూచీదారు పేరు ఉంటుంది. ఆయన మీటలు నొక్కుకుంటూ పోతే అది నా పేరు కూడా పైకి చదివిందట. “కడలి వారంటే మన కోనసీమోళ్ళే అయ్యుంటారు, ఎవరి తాలూకా అని వాకబు చేసేనండీ. మా వియ్యంకుడు గారి తమ్ముడు మీ పోస్టాఫీసులో చేసేరు లెండి.”

ప్రపంచంలో ఎవరికైనా ప్యాకేజీలో తప్పు దొరికితే ఇంటర్నెట్లో ఫిర్యాదు రాస్తారు. ఈయన అమలాపురంలో బస్సు మారి పచ్చడి సీసాతో వచ్చారు. సరే, వచ్చిన పనేమిటో చెబుతారా? చెప్పరు. మా అమ్మ మోకాళ్ళ నొప్పి అడిగారు. కొబ్బరికాయ రేటు అడిగారు. కాఫీ తాగారు, భోజనం చేశారు, పప్పుచారు బాగుందన్నారు. నేను మూడుసార్లు అడిగితే మూడుసార్లూ “ఏం లేదమ్మా, ఊరికే చూసి పోదామని” అన్నారు. చివరికి గేటు దాటి, ఒక చెప్పులో కాలు పెట్టి, అప్పుడు అన్నారు.

“చిన్న మనవమ్మా. కంప్యూటర్ మాతో కాస్త కటువుగా మాట్లాడుతోందండీ. తెరువు, మూయి, మళ్ళీ ప్రయత్నించు, అని. ఆ చివర్న ఒక ‘అండీ’ పెట్టించగలరా?”

“అది నా ప్యాకేజీ కాదు మాస్టారూ. ఆ మాటలు అనువాదం చేసేవాళ్ళు వేరే. నాది గొంతు ఒక్కటే.”

“ఆయ్, అవునండీ.” రెండో చెప్పులో కూడా కాలు పెట్టారు. “మరి పెట్టించగలరా?”

ఏం చెప్పను! అనువాదం వాళ్ళతో వారాల తరబడి తగువుపడి ‘ప్రయత్నించండి’ చేయించాను. అది నా పని కాదని ఇప్పటికీ అంటాను.

అలా మొదలైంది. ఆ తరవాత ఆయనకి నేను ఫోన్ చేస్తూ వచ్చాను, ఆయన కథ ముక్కలు ముక్కలుగా విన్నాను. వాళ్ళ నాన్న పొలం కూలి, అక్షరం ముక్క రాదు. కొడుకుని మిషన్ బడిలో వేశాడు. మాస్టారు నిక్కర్ల వయసులో మొదటిసారి చర్చిలో నిలబడి ఆదివారం బైబిలు పాఠం చదువుతుంటే, ఆ నాన్న వెనక చాప మీద కూర్చుని విన్నాడట. అప్పటినుంచి ఆ ఊరి చర్చిలో పాఠం చదివే వంతు మాస్టారిదే. బదిలీ మీద వేరే ఊళ్ళకి వెళ్ళినా పండుగలకి వచ్చి చదివేవారు. నీటికాసులని కళ్ళ జబ్బు, గ్లకోమా, అది వచ్చి చూపు పోయాక కూడా ఆ వంతు వదల్లేదు. ముందున్న బల్ల మీద ల్యాప్‌టాప్, ఒక చెవిలో చిన్న ఇయర్‌ఫోన్. నా ప్యాకేజీ గొంతు ఒక మాట చెబుతుంది, వెనకాలే ఆయన తన గొంతుతో పైకి అంటారు. ఆయనది గంభీరమైన గొంతు. తెలియనివాళ్ళు కంఠతా వచ్చేమో అనుకుంటారు.

బళ్ళో ఆయన ఎలాంటి మాస్టారో పాపాయమ్మ గారు చెప్పారు. “ఈయన చేతిలో తప్పిన పిల్లాడు లేడమ్మా. ఏం రాసినా ‘బాగున్నది’ అని రాసి పంపించేసేవారు. బావున్నోడికీ అదే, బావోలేనోడికీ అదే.” నేను నవ్వేశాను. నవ్వకుండా ఉండాల్సింది.

కిందటేడాది చివర్లో అసలు ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ వచ్చింది. మా సిస్టమ్ కొత్త విడుదలకి గడువు దగ్గరపడింది. గడువు దాటితే ఇంక ఎవరూ ఏదీ మార్చకూడదు. నాకు చూస్తే విషజ్వరం. మంచం మీద దుప్పటి కప్పుకునే ప్యాకేజీ కట్టాను. పరీక్షకి నేను పెట్టినవి “నమస్కారం, మీరు బాగున్నారా” లాంటి ముక్కలు. పేజీలకి పేజీలు చదివించుకునేది నాకు తెలిసి మాస్టారొక్కరే. అందుకే ముందు ఆయనకి పంపాను. ఫోన్లో నేను చెబుతుంటే ఆయనే పాతది తీసి కొత్తది పెట్టుకున్నారు.

నాలుగు రోజులాగి ఫోన్ చేశాను. “ఎలా ఉంది మాస్టారూ?”

“ఆయ్! బాగుందండీ. మీ జ్వరం ఎలా ఉందమ్మా?”

“నా జ్వరం సంగతి వదిలెయ్యండి. ఎక్కడైనా తేడాగా ఉందా?”

“అబ్బే. చాలా బాగుందండీ. మీరు విశ్రాంతి తీసుకోండి.”

పరీక్షించారు, బాగుంది అని రాసి అప్‌లోడ్ చేసి పడుకున్నాను.

ఆ రోజుల్లోనే పాపాయమ్మ గారు నాకు విడిగా ఒక మాట చెప్పారు. చర్చికి కొత్త పాస్టరు గారొచ్చారు, సాల్మన్ గారని, కుర్రాయన. మంచి మనిషే. పాఠం చదవడం ఇంక యూత్‌కి ఇద్దామని ఆయన ఆలోచన. ఆకాష్ అనే ఇంజనీరింగ్ కుర్రాడు గడగడా చదువుతాడు. కోత పండుగకి మాస్టారే చదువుతారు, అది చూసి ఆ తరవాత సంగతి ఆలోచిద్దామన్నారట. “అంటే ఆ రోజు తడబడితే ఇంక అంతేనమ్మా,” అన్నారావిడ. “చూపు పోయినప్పుడు కూడా ఇంత బెంగపడలేదు మనిషి. రోజూ కూర్చుని ఆ పాఠమే చదువుతున్నారు.”

కోత పండుగకి నన్ను భోజనానికి పిలిచారు. వెళ్ళాను. చర్చి నిండా కొత్త వరి కంకులు, అరటి గెలలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. అందరూ పంటలో మొదటి భాగం తెచ్చి పెడతారు, ప్రార్థన అయ్యాక వేలం వేస్తారు. నేను వెనక చాప మీద ఆడవాళ్ళలో కూర్చున్నాను.

మాస్టారు లేచారు. ఇస్త్రీ మడత నలగని చొక్కా. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నారు. మొదటి మాటలు పలికేసరికి పిల్లల గోల కూడా సద్దుమణిగింది. నా గొంతు ఆయన చెవిలో ఉందని, ఆయన నోట బయటికొస్తోందని నాకు ఒళ్ళు పులకరించింది. అబద్ధమెందుకు, గర్వపడ్డాను.

ఆ పాఠంలో వాక్యాలు పొడుగు. ఊపిరి తిప్పుకోకుండా సాగుతాయి. అలాంటి ఒక వాక్యం సగంలో ఆయన ఆగారు. వేలు మీటల మీద తడుముకుంది. మళ్ళీ మొదలుపెట్టారు. ఇంకో పొడుగు వాక్యం, మళ్ళీ ఆగారు, మళ్ళీ తడుముకున్నారు. మూడోసారి వేలు ఏ మీట మీద పడిందో, గొంతు పాఠాన్ని మొదటినుంచి అందుకుంది. అలవాటు కొద్దీ ఆయనా అందుకున్నారు. చదివేసిన మొదటి వాక్యమే మళ్ళీ సగం దాకా చదివి, తెలిసి, ఆగిపోయారు. ముందు వరసలో ఎవరో దగ్గారు. ఒక కోడి అరిచింది. ఆయన నోరు తెరిచి అలాగే నిలబడ్డారు. పాపాయమ్మ గారు పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు ఆకాష్ కూర్చున్న చోటినుంచే మెల్లగా లేచి, ఆగిన చోటు పట్టుకుని మిగతాది చదివేశాడు. బాగా చదివాడు, వాడి తప్పేం లేదు.

వాక్యం పొడుగైన చోటల్లా ఆ వేలు తడుముకోవడం చూసి నాకు అర్థమైంది. ఆగింది మాస్టారు కాదు, నా ప్యాకేజీ.

భోజనాల దగ్గర చూడాలి ఆ మర్యాద! బంతిలో మాస్టారి పక్కన నన్ను కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఆగి మరీ చెబుతున్నారు.

“చాలా బాగా చదివేరండీ మాస్టారూ.”

“ఎప్పట్లాగే బాగుందండీ.”

పాస్టరు గారు కూడా వచ్చి వంగి ఆయన చెయ్యి పట్టుకున్నారు. “అద్భుతంగా ఉందండీ మాస్టారూ. ఇంక మీరు విశ్రాంతి తీసుకోండి. ఆకాష్ ఉన్నాడు కదండీ.”

మాస్టారి చెయ్యి అన్నంలో ఆగిపోయింది. అందరికీ “ఆయ్, ఆయ్” అంటున్న మనిషి పాస్టరు గారి మాటకి మాత్రం తల నా వైపు తిప్పారు.

“తులసమ్మా, మీరు చెప్పండి. ఎలా ఉంది?”

నాకు ఒళ్ళు మండిపోయింది. “బాగోలేదు మాస్టారూ. అస్సలు బాగోలేదు. మధ్యలో ఆగిపోయారు, చదివిందే మళ్ళీ చదివారు, మిగతాది ఆ అబ్బాయి చదివాడు. ఇంతమంది బాగుందని ఎలా అంటున్నారో నాకర్థం కావట్లేదు.”

సాంబారు వడ్డిస్తున్నాయన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను ఆగలేదు.

“తప్పు మీది కాదు, నా గొంతుది. పొడుగు వాక్యం వస్తే ఆగుతోంది. అది మీకు ముందే తెలుసు కదూ?”

“ఆయ్.”

“తెలిసి బాగుందన్నారా!”

“మీకు ఒంట్లో బాగోలేదమ్మా,” అన్నారు మెల్లగా. “జ్వరంలో అంత కష్టపడి చేసి పంపేరు. బాగోలేదని ఎలా అంటామండీ? ఆగినప్పుడల్లా ఫలానా మీట నొక్కితే సాగుతోంది. ఇంటి దగ్గర సాధన చేసేను. వచ్చేసింది. ఇక్కడ వేలు తప్పింది.”

“పాత గొంతే మళ్ళీ పెట్టమని అడగొచ్చుగా!”

“నేను చెప్పేనమ్మా,” అని పాపాయమ్మ గారు అందుకున్నారు. ఎన్నాళ్ళ కోపమో అది. “అడగండి మహానుభావా అని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆ పిల్ల నొచ్చుకుంటుందన్నారు. మీకొక్కరికే అనుకుంటున్నారా? కళ్ళ డాక్టరు గారి దగ్గరా ఇదే మాట! వెళ్ళినప్పుడల్లా ‘మందు పనిచేస్తోందా మాస్టారూ’ అంటే ‘ఆయ్, బాగుందండీ, బాగానే కనిపిస్తోందండీ’. గోడలు పట్టుకుని నడుస్తూ ఆ మాట! ఎందుకండీ అంటే, అంత పెద్దాయన శ్రద్ధగా రాసిన మందు, తగ్గలేదంటే చిన్నబుచ్చుకుంటారంట. ఆయన చిన్నబుచ్చుకోలేదు, బావుంది. ఈయనకి కళ్ళు పోయేయి.”

మొహమాటానికి పోతే ఏదో అయిందని మా అమ్మ ఒక మోటు సామెత చెబుతూ ఉంటుంది. అది విని నవ్వడమే తప్ప, ఒక మనిషికి చూపే పోయిందని ఆ రోజే తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. ఆయన్ని పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. ఏం చేయను, విస్తరి ముందు కూర్చున్నాను.

మాస్టారు అన్నం ముద్ద విస్తట్లోనే వదిలి, “బాగుందండీ, బాగుందండీ అని అందరూ అంటుంటే ఇలా ఉంటుందామ్మా లోపల!” అన్నారు. “ఎటు తిరగాలో తెలీకుండా చేసేస్తోంది.”

అప్పుడు పాస్టరు గారిని పిలవమన్నారు. ఆయన రాగానే మాస్టారు ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని లేచి నిలబడ్డారు. “పాస్టరు గారూ, ఇవాళ నేను బాగా చదవలేదండీ. మట్టల ఆదివారానికి నా వంతు నాకివ్వండి. అప్పుడూ బాగోకపోతే బాగోలేదని నా మొహం మీదే చెప్పండి. ఆ తరవాత ఆకాష్ బాబే చదువుతాడు.”

పాస్టరు గారు ఇబ్బందిగా నా వైపు చూసి, “అలాగేనండీ,” అన్నారు.

ఇంటికొచ్చి చూస్తే నా మెయిల్ నిండా ఫిర్యాదులు. “పరీక్ష ముందు నా పుస్తకం మూగబోయింది, మీకు మనసుందా?” అని చూపులేని కాలేజీ పిల్ల ఒకతె రాసింది. ఆ తిట్టు నాకు న్యాయమే అనిపించింది. అసలు ప్రోగ్రామ్ రాసినాయనకి రాశాను. “నా దగ్గర బాగానే పనిచేస్తోంది.” ఈయనకీ మాస్టారికీ ఎక్కడో చుట్టరికం ఉండుంటుంది!

నేనే కూర్చుని వెతికాను. ఇంగ్లీషు అక్షరాన్ని కంప్యూటరు ఒక గదిలో దాస్తే తెలుగు అక్షరానికి మూడు గదులు పడతాయి. కొత్త వెర్షన్లో అక్షరాలు లెక్కపెట్టాల్సిన చోట గదులు లెక్కపెట్టారు. దాంతో తెలుగు వాక్యం ఉన్నదానికి మూడింతలు పొడుగనుకుని మధ్యలో తెంపేస్తోంది. సరిచేశాను. కానీ గడువు దాటిపోయింది. విడుదల చూసేవాళ్ళని బతిమాలితే, “ఈసారైనా ఎవరైనా నిజంగా పరీక్షించారా?” అన్నారు. ఆ ‘నిజంగా’ దగ్గర నాకు మొహం మాడిపోయింది.

మాస్టారికి పంపాను. నేను ఫోన్ చెయ్యకముందే ఆయనే చేశారు. ఏదో బూతుమాట అనబోతున్నట్టు గొంతు బాగా తగ్గించారు.

“తులసమ్మా... బాగోలేదమ్మా.”

“ఏమన్నారూ?”

“బాగోలేదండీ. తప్పుగా అనుకోకండి. ఆగడం లేదు గానీ, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి పీల్చుకోనివ్వట్లేదు.”

అమ్మయ్య అనుకున్నాను. నా ఆనందం అక్కడికే. ఒకసారి ఆ రుచి మరిగాక ఇంక ఆయన్ని ఆపేవాడు లేడు. నేను కాలేజీలో పాఠం చెబుతుంటే ఫోను, బస్సులో ఉంటే ఫోను. తేదీలు బాగోలేదు. పేర్లు పలకడం బాగోలేదు. ‘ళ’ మరీ మొద్దుగా ఉంది. పాపాయమ్మ గారు వెనకనుంచి, “ఇంట్లో కూరలకి కూడా మొదలెట్టేరమ్మా, నీ పుణ్యమే!” అని అరిచారు. తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఒక సాయంత్రం, “ఇప్పుడు పాఠం మట్టుకు బాగుందమ్మా,” అన్నారు. ఆ మాట నమ్మి పంపాను. విడుదల చూసేవాళ్ళు ఒప్పుకున్నారు.

మట్టల ఆదివారం, అంటే ఈస్టరుకి ముందొచ్చే ఆదివారం నాడు, కొబ్బరి మట్టలు పట్టుకుని పిల్లలు ముందు నడిచారు. నేను మళ్ళీ వెనక చాప మీదే కూర్చున్నాను. మాస్టారు లేచి చదువుతున్నారు. పొడుగు వాక్యం వచ్చింది. నా చేతిలో కొబ్బరాకు నలిగి పీచైపోయింది. ఆయన ఆగలేదు. ఆ వాక్యం దాటింది, తరవాతది దాటింది, పాఠం అయిపోయింది. ఆకాష్ పుస్తకం తెరిచి వేలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నవాడు, మూసేశాడు.

బయట చెట్టు నీడలో పాస్టరు గారొచ్చారు. ఏమంటారో అని మాస్టారు తల ఒక పక్కకి వంచి విన్నారు. పాస్టరు గారు ఆయన చెయ్యి పట్టుకున్నారు.

“మొదట్లో గొంతు సరిగా వినబడలేదండీ మాస్టారూ. వచ్చే వారం కాస్త గట్టిగా మొదలెట్టండి.”

వచ్చే వారం. మాస్టారి మొహం వెలిగిపోయింది. “ఆయ్, తప్పకుండానండీ,” అన్నారు. తరవాత నా వైపు తిరిగారు. “మీకెలా ఉందమ్మా?”

“బాగుంది మాస్టారూ. రెండో సగంలో కాస్త తొందరపడ్డారు.”

“తొందరపడింది నేను కాదమ్మా, మీ గొంతు. నేను దాని వెనకాల పరిగెత్తేను,” అన్నారు, నవ్వు కూడా లేకుండా. “అది బాగోలేదు. వచ్చే ఆదివారంలోపు సరిచేసేయండి.”